బల్లమీది చుక్క

ఆటలన్నిటికిని గీతలుండును. చెడుగుడు ఆడు పిల్లలు కాలి బొటనవ్రేలితో నేలపై గీసికొను నడిమి గీత మొదలుకొని, క్రికెట్టు మైదానమున సున్నముతో దిద్దు గీత వరకు, ఏదో యొక గుర్తు లేనిదే ఆట సాగదు. గీత చెరిగినచో జగడము పుట్టును. అట్టి గుర్తులలో మిక్కిలి చిన్నది పూల్ అను ఆటయందు బల్లపై పెట్టు చుక్క. అది కందిబద్దకంటె పెద్దది కాదు. దూరమునుండి చూచువారికి కనబడనే కనబడదు. అయినను ఆట యంతయు ఆ చుక్కనుండియే ఆరంభమగును. బల్లకు క్రొత్తబట్ట వేసిన దినమున ఆ చుక్కను తిరిగి సరియైన చోట పెట్టుట చూచువారికి సులభముగా తోచును. చేయువానికి అది యొక పరీక్ష.

పూల్ అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిక్కిలి ప్రచారమునందున్న ఆట. ఇంగ్లండున రూపు దాల్చిన బిలియర్డ్సునకును, భారతదేశమున పుట్టిన స్నూకరునకును ఇది దగ్గర చుట్టము. బల్ల మూలలయందు నాలుగును, పొడవు ప్రక్కల నడుమ రెండును, మొత్తము ఆరు సంచులుండును. ఆడువారు సన్నని పొడవాటి కర్రతో తెల్లబంతిని కొట్టుదురు. ఆ తెల్లబంతి పోయి రంగుబంతులకు తగిలి వానిని సంచులలో పడవేయవలెను. తెల్లబంతిని తప్ప మరియొక బంతిని కర్రతో తాకరాదు.

బల్ల యనగానే కొయ్యబల్ల యని తలపరాదు. బట్టక్రింద నుండునది రాయి. బరువైన పలకరాతి బిళ్లలను నున్నగా అరగదీసి, ప్రక్కప్రక్కన చేర్చి, అతుకులను మైనముతో పూడ్చుదురు. మార్కాపురము పేరు వినగానే తెలుగువారికి జ్ఞప్తికి వచ్చు పలకలును ఈ జాతి రాతితో చేయబడినవే. పూర్వము ఈ ఆటబల్లలు కొయ్యతోనే చేయబడుచుండెను. కొయ్య తేమకు ఉబ్బును, ఎండకు వంగును. వంగిన బల్లపై బంతి తన యిచ్చ వచ్చినట్లు పోవును. 1826వ సంవత్సరమున లండను నగరమున జాన్ థర్‌స్టన్ అను వ్యాపారి పలకరాతిని వాడుట మొదలిడెను. నాటినుండి మంచి బల్లలన్నియు రాతిబల్లలే. రాతిచుట్టును రబ్బరు పొదిగిన అంచులుండును. వీనిని కుషన్లందురు. బంతి వచ్చి తగులు కుషను కొనకు ముక్కు అని పేరు. రాతిమీదను కుషన్లమీదను ఉన్నిబట్టను గాని, ఉన్నియు నైలానును కలిపి నేసిన బట్టను గాని బిగువుగా లాగి అంటింతురు. వాడుకలో ఆ బట్ట అరుగును, మచ్చలు పడును. అప్పుడు దానిని తీసివేసి క్రొత్తబట్ట వేయవలసి వచ్చును. పాతబట్టతోబాటు దానిపై నున్న చుక్కయు పోవును.

మంచమునకు వలె ఈ బల్లకును తలవైపు, కాలివైపు అని రెండు కొనలున్నవి. ఆట ప్రారంభించువాడు తలవైపున నిలుచును. రంగుబంతులు కాలివైపున ముక్కోణపు చట్రములో పేర్చబడును. ఆ ముక్కోణపు కొనయందలి బంతి ఉండవలసిన చోటే కాలిచుక్క. తొమ్మిదడుగుల బల్ల యని పిలువబడు దాని ఆటస్థలము, ముక్కునుండి ముక్కువరకు కొలిచినచో, 100 అంగుళముల పొడవును 50 అంగుళముల వెడల్పును గలది. పొడవు సరిగా వెడల్పునకు రెట్టింపు. అనగా ఈ బల్ల రెండు చతురస్రములను ప్రక్కప్రక్కన చేర్చినట్లుండును. కాలివైపు చతురస్రమునకు నట్టనడుమ నున్నది కాలిచుక్క. కాలివైపు ముక్కునుండి 25 అంగుళములు, ఇరుప్రక్కల ముక్కులనుండియు 25 అంగుళములు. లెక్క ఇంత తేలిక. లెక్క తేలికయైన చోటనే చేయి ఎక్కువగా తప్పుట వింత.

చుక్క సరిగా నుండవలెననుటకు మొదటి కారణము బట్టలోనే యున్నది. క్రొత్తబట్టపై మొదట పెట్టు గుర్తు వట్టి సుద్దగుర్తే కావచ్చును. ఆట మొదలైన పిదప ఆ గుర్తును బంతులే చెక్కుకొనును. ప్రారంభపు దెబ్బకు తెల్లబంతి వేగముగా వచ్చి కొనబంతిని ఢీకొనును. ఆ అదటునకు కొనబంతి బట్టను రాచుకొని క్రిందికి నొక్కును. వందలకొలది మారులు ఇట్లు జరిగిన పిమ్మట బట్టలో కనబడీ కనబడని గుంట యొకటి యేర్పడును. అప్పుడు బంతిని ఆ చోటికి దగ్గరగా నుంచినచో అది తనంతట తానే దొర్లి గుంటలో కూర్చుండును. చుక్క రెండు మిల్లీమీటర్లు ప్రక్కకు పెట్టబడినదని ఆరు నెలల పిదప తెలిసినను ఫలము లేదు. సరియైన చోట క్రొత్త చుక్క పెట్టి బంతి నుంచినచో అది నిలువదు, పాతగుంటలోనికే జారును. మరల బట్ట మార్చువరకు ఆ తప్పు బల్లను విడువదు. కావున చుక్క పెట్టువానికి దొరకునది ఒక్కటే అవకాశము.

రెండు మిల్లీమీటర్లు, మూడు మిల్లీమీటర్లు అనునవి లెక్కలోనివా అని అనుమానము కలుగవచ్చును. దీనికి సమాధానము గణితమే చెప్పును. పూల్ బంతి అడ్డుకొలత రెండుంబావు అంగుళములు, అనగా సుమారు 57 మిల్లీమీటర్లు. ఆటగాడొకడు ఒక దెబ్బను ఏండ్లతరబడి సాధన చేసి, తెల్లబంతిని ఎల్లప్పుడును ఒకే దారిని పంపగల నేర్పు సంపాదించె ననుకొందము. ఆ దారికి ఎదురుగా సూటిగా నుండవలసిన రంగుబంతి 3 మిల్లీమీటర్లు ప్రక్కకు ఉన్నది. రెండు బంతులు తగిలినప్పుడు వాని కేంద్రముల నడిమి దూరము ఒక బంతి అడ్డుకొలతయే, అనగా 57 మిల్లీమీటర్లు. రంగుబంతి ఆ కేంద్రములను కలుపు రేఖ వెంబడి బయలుదేరును. ఆ రేఖ 57 మిల్లీమీటర్లలో 3 మిల్లీమీటర్లు ప్రక్కకు వంగియున్నది. బంతి ఒక గజము, అనగా 914 మిల్లీమీటర్లు, పోవునప్పటికి ఎంత ప్రక్కకు పోవును? 914 అనునది 57కు సుమారు పదునారు రెట్లు. కావున 3 మిల్లీమీటర్ల తప్పు 48 మిల్లీమీటర్లగును. మూల సంచి నోరు సుమారు 115 మిల్లీమీటర్లు. బంతి నోటి నడుమకు గురిచేయబడినచో ఇరుప్రక్కల మిగులు చోటు 29 మిల్లీమీటర్ల చొప్పున మాత్రమే. బంతి సంచిలో పడదు. కుషనుకు తగిలి వెనుకకు వచ్చును. ఏండ్లనాటి సాధన కందిబద్దంత గుర్తువలన వ్యర్థమైనది.

ఆటగాడు బంతిని కన్నులార చూచియే గదా కొట్టును, చుక్కను చూచి కొట్టడు గదా అని ఒక ఆక్షేపణ కలదు. ఇందులో సత్యము లేకపోలేదు. బంతి ఎక్కడ నున్నను నిపుణుడు దానికి తగినట్లు గురిని దిద్దుకొనగలడు. ఇంకొక ఆక్షేపణ కూడ కలదు: ఇరువురును ఆడునది ఒకే బల్లపైనే, చుక్క తప్పినచో నష్టము ఇరువురికిని సమానమే, ఇక అన్యాయమెక్కడిది? వినుటకిది న్యాయముగనే తోచును. కాని ఆ బల్లపై ప్రతిదినము ఆడువానికి దాని వంకర అలవాటైపోవును. బంతుల ముక్కోణము కొంచెము ఎడమకు ఒరిగియున్నదని వాని బుద్ధికి తెలియకున్నను వాని చేతికి తెలియును. పొరుగూరినుండి పందెమునకు వచ్చినవానికి అది తెలియదు. సరియైన బల్లపై నేర్చినవాడు వచ్చి, వంకర బల్లపై ఆడి, ఓడి, తన చేతినే నిందించుకొని తిరిగి పోవును. తప్పు చేసినవాడెవడో ఎవరికిని తెలియదు. చుక్క పెట్టు పనిలో పనివాని నిజాయితీతో సంబంధము ఇక్కడనే యున్నది.

భారతదేశమునందలి క్లబ్బులలో బల్లను కనిపెట్టియుండి, ఆటలో లెక్క చెప్పు ఉద్యోగిని మార్కరు అందురు. బట్ట మార్చు మేస్త్రీ పని ముగించి పోయిన పిదప ఏ తేడా వచ్చినను ఆటగాండ్రు అడుగునది మార్కరునే. అందుచేత తెలివైన మార్కరు చుక్క పెట్టునప్పుడు మేస్త్రీ ప్రక్కనే నిలిచి చూచును.

ఇట్టి పని నేర్చుకొను కుఱ్ఱవాడెవడైనను మొదట అడుగు ప్రశ్న యొకటి కలదు.

“మేస్త్రీ గారూ! బట్ట వేయకమునుపే రాతిపై గీతలు గీసి, చుక్క చోటు గుర్తుపెట్టుకొనియుంటే ఇప్పుడీ దారముల తంటా తప్పియుండును గదా?”

“ఓరి పిచ్చివాడా! బంతి రాతికి తగిలి మరలునా, కుషనుకు తగిలి మరలునా? కుషన్ల నన్నిటిని విప్పితిమి. వానికి క్రొత్తబట్ట చుట్టితిమి. మరల మరలతో బిగించితిమి. నిన్న నున్న చోటనే నేడును కూర్చున్నవని ఎవడు చెప్పగలడు? చుక్క చుట్టరికము రాతితో కాదురా, కుషనుతో.”

మేస్త్రీ మాట యుక్తమైనది. పలకరాతిపై గీత సరిగనే యుండవచ్చును. కాని కుషను ఒక వైపున వెంట్రుకవాసి ముందుకు వచ్చి బిగిసినచో ఆటస్థలము నడుమ మారును. కావున బట్ట బిగించుట, కుషన్లను బిగించుట, రసమట్టముతో బల్ల మట్టము చూచుట, ఈ పనులన్నియు ముగిసిన తరువాతనే చుక్క పని చేపట్టవలెను.

కొలత ఆరంభించు చోటు విషయమున క్రొత్తవారు తరచు పొరబడుదురు. వారు టేపును కొయ్య అంచుకు ఆనించి కొలుతురు. బంతి కొయ్యవరకు పోదు. అది ముక్కునకు తగిలి ఆగును. కావున కొలత ముక్కునుండి ముక్కునకే. పైగా ముక్కు బట్టపై నేలబారుగా ఉండదు. బంతి ఎత్తులో సగముకంటె కొంచెము పైగా నుండును. దాని అడుగున రబ్బరు లోనికి పోయియుండును. బద్దను బట్టపై పరచి త్రోసినచో దాని కొన ముక్కుక్రిందికి దూరిపోవును. అందుచేత బద్దను రెండు చిన్న కొయ్యముక్కలపై నిలిపి ముక్కుతో సమానమైన ఎత్తునకు తేవలెను. రబ్బరు మెత్తనిది, బద్దను నొక్కినచో అది లోనికి పోవును. తాకీ తాకనట్లు నిలుపుటయే నేర్పు.

ఇక కొలిచెడు విధము. సన్నని తిన్నని కొయ్యబద్దను, కాలివైపునుండి 25 అంగుళముల దూరమున, బల్ల వెడల్పునకు సరిపోవునట్లు కోసికొందురు. ఆ బద్దకు అంగుళముల గుర్తులు ఉండనక్కరలేదు. ఉండకున్ననే మేలు. బల్ల వెడల్పు 50 అంగుళములని పుస్తకమున వ్రాయబడియుండును గాని, బిగించిన బల్ల ఏదియు పుస్తకమును చదివి బిగిసికొనదు. అది అరవీసము ఎక్కువ ఉండవచ్చును, తక్కువ ఉండవచ్చును. కుడినుండి 25 అంగుళములు కొలిచి చుక్క పెట్టినచో ఎడమవైపున ఆ తేడా యంతయు మిగిలిపోవును. అదే పొడవుగల కాగితపు పట్టీని కత్తిరించి సరిగా సగమునకు మడచినచో, వెడల్పు ఎంతయైనను మడత నడుమనే యుండును. ఆ మడతనుబట్టి బద్దపై పెన్సిలుతో సన్నని గీత పెట్టుదురు.

ఆ గీత నిజముగా నడుమ నున్నదా? దీనిని పరీక్షించుటకు తాపీపనివారికి చిరకాలమునుండి తెలిసిన ఉపాయమొకటి కలదు. వారు రసమట్టమును గోడపై నుంచి చూచి, మరల దానిని కుడియెడమలు మార్చి అదే చోట నుంచి చూతురు. రెండుసార్లును బుడగ ఒకే చోట నిలిచినచో సాధనము మంచిది. ఇక్కడను అంతే. బద్దను నిలిపి దాని గీతకెదురుగా బట్టపై దర్జీసుద్దతో చిన్న గుర్తు పెట్టవలెను. తరువాత బద్దను కొనలు మార్చి త్రిప్పి, మరల అదే చోట నిలిపి, గీత ఎక్కడికి వచ్చినదో చూడవలెను. గుర్తుపైననే పడినచో అది నట్టనడుమ. పడకున్నచో భయపడ పనిలేదు. గీత ఒక మిల్లీమీటరు తప్పియున్నచో రెండు గుర్తుల నడుమ రెండు మిల్లీమీటర్లు కనబడును. తప్పు రెట్టింపై కనబడుటవలన కంటికి పట్టుట సులభమైనది. ఆ రెండు గుర్తుల నడిమి చోటే సరియైన నడుమ. వంకర బద్దతో కూడ సరియైన నడుమను కనుగొనవచ్చునన్నమాట. ఈ పనిలోనున్న అందమంతయు ఇందే కలదు.

తలవైపునకు దగ్గరగా మరియొక చోట ఇట్లే నడుమను కనుగొని, రెండు నడుములను దారముతో కలిపినచో బల్ల నిడుపున నడిగీత వచ్చును. ఆ గీతపై కాలివైపు ముక్కునుండి పొడవులో నాలుగవ వంతు కొలిచినచో చుక్క చోటు దొరకును.

ఇంతటితో పని ముగిసినదని అనుకొనువారు కలరు. జాగ్రత్తగల మేస్త్రీ అనుకొనడు. అతడు వేరొక దారిని వచ్చి అదే చోటికి చేరి చూచును. బల్ల కొయ్య అంచుపై చిన్న చిన్న గుర్తులు పొదుగబడియుండును. వీనికి డైమండ్లని పేరు. పొడవు ప్రక్కలయందు ఆరేసి, పొట్టి ప్రక్కలయందు మూడేసి, మొత్తము 18. తొమ్మిదడుగుల బల్లపై వీని నడిమి దూరము పన్నెండున్నర అంగుళములు. కాలివైపునుండి లెక్కించినచో, మొదటిది పన్నెండున్నర, రెండవది 25, మూడవది ముప్పదియేడున్నర అంగుళముల వద్ద నుండును. కుడియెడమల రెండవ డైమండ్లను దారముతో కలిపినచో ఆ దారము చుక్కమీదుగా పోవలెను. ఇది ఒక పరీక్ష. ఎడమవైపు మొదటి డైమండునుండి కుడివైపు మూడవదానికి ఒక దారమును, కుడివైపు మొదటిదానినుండి ఎడమవైపు మూడవదానికి మరియొక దారమును లాగినచో, ఆ రెండును కూడ చుక్కయొద్దనే కలిసికొనవలెను. ఇది రెండవ పరీక్ష. ఏలయనగా ఆ నాలుగు డైమండ్లును ఒక దీర్ఘచతురస్రమునకు నాలుగు మూలలు. దీర్ఘచతురస్రపు కర్ణములు ఒకదానినొకటి సమద్విఖండన చేసికొనునని విద్యార్థులు రేఖాగణితమున చదివియున్నారు. డైమండ్లు ముక్కుకంటె వెనుకనున్నవను చింత అక్కరలేదు. రెండువైపులను సమానముగా వెనుకనున్నవి గనుక ఆ తేడా తనకు తానే కొట్టుకొనిపోవును.

దారములన్నియు ఒకే బిందువున కలియుట అరుదు. ఎక్కువగా నడుమ చిన్న ముక్కోణ మేర్పడును. సముద్రముపై ఓడ నడుపువారు తీరమునందలి మూడు గుర్తులను చూచి పటముపై మూడు రేఖలు గీసినప్పుడును ఇట్లే జరుగును. ముక్కోణము చిన్నదైనచో ఓడ దానియందెక్కడనో యున్నదని ఎంచుదురు. పెద్దదైనచో ఏదో యొక రేఖ తప్పినదని గ్రహించి మరల చూతురు. బల్లపైనను అట్లే చేయవలెను. డైమండ్ల దారములకును ముక్కు కొలతకును తేడా వచ్చినచో ముక్కునే నమ్మవలెను. డైమండును పొదిగిన వడ్రంగి పొరబడియుండవచ్చును. బంతి మాత్రము డైమండును తాకదు.

దారముతో చిక్కు మరియొకటి కలదు. అది కొయ్య అంచులపై సాగియుండును. బట్టకును దానికిని నడుమ ఒకటిన్నర అంగుళము ఎడముండును. ప్రక్కన నిలిచి చూచువానికి దారము బట్టపై వేరొక చోటికెదురుగా కనబడును. ప్రయోగశాలలో కొలజాడిలోని నీటి మట్టమును కన్ను ఎత్తి చూచిన ఒక తీరుగను, దించి చూచిన ఒక తీరుగను అగుపడుట విద్యార్థులెరిగినదే. ఇక్కడ చూపు నిలువునుండి 5 డిగ్రీలు ఒరిగిన చాలును, సుమారు 3 మిల్లీమీటర్ల తప్పు వచ్చును. అంత జాగ్రత్తతో చేసిన కొలతలన్నియు చూపు వంకరచేత చెడును. కావున దారములు కలిసిన చోటునుండి సన్నని నూలుపోగుతో ఒక సూదిని వ్రేలాడదీయుదురు. గోడ కట్టువాని తూకపు గుండువలె సూది నిట్టనిలువుగా దిగి, బట్టను తాకీ తాకనట్లు నిలుచును. ఊగుట మానిన పిదప సూదిమొన చూపిన చోటే చోటు. బల్ల మట్టముగా నున్నప్పుడే ఇది చెల్లును. ఆ పని మొదటనే జరుగవలెననుటకు ఇది యొక కారణము.

గుర్తు పెట్టుటకు సిరా పనికిరాదు. ఉన్నిలో సిరా ప్రాకును, చుక్క మచ్చయగును. మొదట దర్జీసుద్దతో చిన్న కూడికగుర్తు వేయుదురు. తప్పైనచో దులిపివేయవచ్చును. అన్ని పరీక్షలును ముగిసిన పిదప దానిపై మెత్తని పెన్సిలుతో చుక్క పెట్టుదురు, లేదా వెనుక జిగురుగల గుండ్రని పలుచని బిళ్లను అంటింతురు. బిళ్ల బట్టను కాపాడును. మెల్లగా దొర్లు బంతిని అది రవ్వంత త్రోవ తప్పించుననియు, వట్టి పెన్సిలు గుర్తే మేలనియు అనువారు కలరు. ఆట వేగముగా సాగు చోట బిళ్ల లేకున్న బట్ట త్వరగా చిల్లిపడును. కావున దినమెల్ల ఆట సాగు శాలలకు బిళ్లయే తగును.

పూల్ ఆటలలో ఒకదానియందు చుక్క యొక్కటియే చాలదు. ముక్కోణపు చట్రము చుట్టును బట్టపై గీత కూడ గీయవలెను. ఆ ఆటలో పదునైదు బంతులలో పదునాలుగు పడిన పిదప, వానిని తిరిగి పేర్చి, మిగిలిన బంతితోనే ఆటను కొనసాగింతురు. మిగిలిన బంతి గాని, తెల్లబంతి గాని గీత లోపల నున్నదా, వెలుపల నున్నదా అను దానినిబట్టి తరువాత ఏమి చేయవలెనో నియమము నిర్ణయించును. 1954వ సంవత్సరమున అమెరికాలోని ఒహాయో రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డులో విల్లీ మాస్కోనీ అను ఆటగాడు ఈ ఆటలో ఒక్క తప్పును లేకుండ వరుసగా 526 బంతులను సంచులలో పడవేసెను. ఆ సంఖ్యను తరువాతి కాలమున ఇతరులు దాటిరి. పదునాలుగేసి చొప్పున లెక్కించినచో, ఆ ఒక్క వరుసలో బంతులను ముప్పదియేడు మారులు తిరిగి పేర్చియుండవలెను. ముప్పదియేడు మారులును అవి అదే గీతలో, అదే చుక్కననుసరించి కూర్చుండినవి.

స్నూకరు బల్ల దీనికంటె పెద్దది. దాని ఆటస్థలము 3,569 మిల్లీమీటర్ల పొడవు, 1,778 మిల్లీమీటర్ల వెడల్పు. దానిపై చుక్క ఒకటి కాదు, ఆరు. అడుగుకుషనునుండి 29 అంగుళముల దూరమున అడ్డగీతయు, దానిపై పదునొకటిన్నర అంగుళముల వ్యాసార్ధముతో అర్ధవృత్తమును గీయుదురు. గోధుమరంగు బంతి ఆ గీత నడుమను, పసుపు, ఆకుపచ్చ బంతులు అర్ధవృత్తపు రెండు మూలలయందును ఉండును. నీలిబంతి బల్లకు నట్టనడుమ. గులాబిబంతి నడుమకును పైకుషనుకును సగము దూరమున. నల్లబంతి పైకుషనునుండి పన్నెండుముప్పావు అంగుళములు, అనగా 324 మిల్లీమీటర్ల దూరమున. ఈ ఆట 1875వ సంవత్సరమున జబల్‌పూరులోని ఆంగ్ల సేనాధికారుల నడుమ పుట్టినదని ప్రతీతి. నెవిల్ ఛాంబర్లేన్ అను యువ సైనికాధికారి దీనికి ఆ పేరు పెట్టెనందురు. 1882లో ఉదకమండలమునందలి క్లబ్బులో దీని నియమములు వ్రాసిపెట్టబడినవి. బిలియర్డ్సునందు భారతీయుల ఖ్యాతి తరువాతిది. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూరు బిలియర్డ్స్ విజేత యయ్యెను. 1964లో న్యూజీలాండున ఆ బిరుదమును మరల గెలుచుకొనెను.

ఆ పన్నెండుముప్పావు అంగుళముల చుక్కకు బిలియర్డ్సు చరిత్రలో ప్రత్యేకమైన స్థానము కలదు. బిలియర్డ్సునందు అది ఎఱ్ఱబంతి చోటు. ఎఱ్ఱబంతి సంచిలో పడినప్పుడెల్ల దానిని తీసి తిరిగి ఆ చుక్కపైననే నుంతురు. పందొమ్మిదవ శతాబ్దమున కొందరు ఆటగాండ్రు ఒక రహస్యమును కనిపెట్టిరి. ఎఱ్ఱబంతిని మూల సంచిలో పడవేసి, తెల్లబంతిని తిరిగి అదే చోటికి వచ్చి నిలుచునట్లు కొట్టగలిగినచో, ఆ దెబ్బను ఎన్నిమారులైనను కొట్టవచ్చును. ఎఱ్ఱబంతి ప్రతిసారియు అదే చుక్కపైకి వచ్చును, గురి మారదు, చేయి మారదు. ఇంగ్లండునందలి డబ్ల్యు. జె. పీల్ ఇందు మిక్కిలి ప్రవీణుడు. 1890వ సంవత్సరమున అతడు ఒకే వరుసలో 3,304 గణనలు చేసెను. ఎదుటివాడు కుర్చీలో కూర్చుండి చూచుటయే గాని కర్ర పట్టు అవకాశమే లేకపోయెను. చూడవచ్చినవారికి విసుగు పుట్టెను. చుక్క అంత నమ్మకముగా నున్నందుననే ఆ దెబ్బ సాధ్యమయ్యెను. చుక్క వెంట్రుకవాసి కదలియున్నను అట్టి వరుస నడుమనే తెగిపోయియుండును. తుదకు 1898లో నియమమును మార్చి ఆ దెబ్బను కట్టడి చేసిరి. నేటికిని బిలియర్డ్సునందు ఎఱ్ఱబంతిని, వేరు గణన ఏదియు కలియకుండ, ఆ చుక్కనుండి వరుసగా రెండుమారులు సంచిలో వేసినచో, దానిని తిరిగి అచ్చట నుంచక, బల్ల నడిమి చుక్కపై నుంచుదురు.